పళ్లెంలో ఉప్పునీళ్లు ఎటు తిరుగుతాయి?

(కందుకూరులో ఇంటర్ విద్యార్థులు, టీచర్లు, తల్లిదండ్రుల ముందు ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగం. ఆయన మాట్లాడిన తీరులోనే రాసి పెట్టాం.)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, ముందు ఒక పని చేసి చూద్దాం, మాటలు తర్వాత. ముందు వరసలో వాళ్లు బల్ల దగ్గరికి రండి. వెనక ఉన్నవాళ్లకు తెర మీద కనిపించేలా సెల్‌ఫోన్ కెమెరా పెట్టారు.

ఇది వెడల్పాటి గాజు పళ్లెం. అంచు వెంట లోపలివైపు రాగి తీగ చుట్టాను. నడుమ ఇంకో రాగి తీగ కొన నిలబెట్టాను. పళ్లెంలో వేలెడు లోతు కూడా లేవు నీళ్లు, అందులో గుప్పెడు కొఠారు ఉప్పు కరిగించాను. పళ్లెం కింద పాత స్పీకర్ లోంచి తీసిన అయస్కాంతం ఉంది. నీళ్ల మీద కాస్త మిరియాల పొడి చల్లుతున్నాను, కదలిక కంటికి ఆనడానికి. ఇప్పుడు చూడండి. అయస్కాంతం కిందే ఉంది. నీళ్లు కదిలాయా? లేదు. ఎంతసేపు చూసినా కదలవు.

ఇప్పుడు తొమ్మిది వోల్టుల బ్యాటరీ తీసుకుని ఒక కొన నడుమ తీగకు, ఇంకో కొన అంచు తీగకు తగిలిస్తున్నాను. చూశారా! మిరియాల పొడి చుట్టూ తిరుగుతోంది. ఎవరూ గరిటె పెట్టి కలపలేదు. బ్యాటరీ అలాగే ఉంచి కింది నుంచి అయస్కాంతం తీసేస్తున్నాను. తిరుగుడు నెమ్మదించింది, ఆగిపోయింది. మళ్లీ పెడితే మళ్లీ తిరుగుతోంది. బ్యాటరీ ఒక్కటీ ఉంటే చాలదు, అయస్కాంతం ఒక్కటీ ఉంటే చాలదు. రెండూ ఉండాలి.

ఇంట్లో చేసి చూడాలనుకునేవాళ్లు కిటికీలు తెరిచి పెట్టుకుని, ఒక్క నిమిషం నడిపి ఆపండి. ఎక్కువసేపు నడిపితే నీళ్లు పచ్చబడతాయి, ఘాటు వాసన కూడా రావచ్చు. ఆ నీళ్లు నోట పెట్టుకోకూడదు. చెయ్యి కడుక్కోండి.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పేపర్లు దిద్దాను. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ ఎలా పోతుందని అడిగితే చాలామంది పిల్లలు బొమ్మ గీసి, ఎలక్ట్రాన్ ఉత్తర ధ్రువం వైపు వంగినట్టు బాణం వేస్తారు. ఫార్ములా మాత్రం తప్పు లేకుండా రాస్తారు. బాణం చూస్తే వాళ్ల మనసులో ఏముందో తెలిసిపోతుంది: అయస్కాంతం అంటే లాగేది. గుండుసూదిని లాగినట్టు, ఎలక్ట్రాన్‌నూ లాగుతుంది. ఆ పిల్లల తప్పేమీ లేదు. మేం వాళ్లకు ఫార్ములా ముందు చెప్పాం, పళ్లెం తర్వాత కూడా చూపించలేదు. అందుకే ఇవాళ పళ్లెంతో మొదలుపెట్టాను.

ఇందాక బ్యాటరీ పెట్టకముందు ఆ నీళ్లలో విద్యుత్ ఆవేశాలు లేవా? బోలెడున్నాయి. ఉప్పు నీళ్లలో కరిగితే సోడియం అయాన్లు ధనావేశంతో, క్లోరైడ్ అయాన్లు రుణావేశంతో విడిపోతాయి. అవి ఊరికే ఉండవు కూడా, వేడి వల్ల అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా కదులుతూనే ఉంటాయి. ఒకటి ఇటు పోతే ఇంకొకటి అటు పోతుంది కాబట్టి వాటి మీద పడే నెట్టుళ్లన్నీ ఒకదానికొకటి చెల్లిపోతాయి. బ్యాటరీ పెట్టాక సోడియం అంతా ఒక వైపు, క్లోరైడ్ అంతా దానికి ఎదురు వైపు జరగడం మొదలవుతుంది. ఎంత వేగంతో అనుకుంటున్నారు? సెకనుకు మిల్లీమీటరులో వందో వంతు. అంత మెల్లగా. అయినా ఆ కాస్త కదలికను అయస్కాంతం పట్టుకుంటుంది. నడుమ నుంచి అంచుకు పోయేదాన్ని అంచుకు లాగదు, కింద ఉన్న తన వైపూ లాగదు. పక్కకు నెడుతుంది. అన్నిటినీ పక్కకు నెడితే గుండ్రంగా తిరగడం తప్ప నీళ్లకు దారి లేదు.

ఒక సందేహం రావాలి మీకు. సోడియం బయటికి పోతోంది, క్లోరైడ్ లోపలికి వస్తోంది. ఎదురెదురు పోయేవాటిని ఎదురెదురు నెట్టాలి కదా, అప్పుడు నీళ్లు కదలకూడదు కదా? కానీ వాటి ఆవేశాలు కూడా ఎదురెదురువే. దిక్కు మారితే నెట్టుడు తిరగబడుతుంది, ఆవేశం గుర్తు మారితే మళ్లీ తిరగబడుతుంది. రెండుసార్లు తిరగబడితే మొదటి చోటికే వస్తాం. అందువల్ల రెండూ ఒకే వైపు నెట్టబడతాయి, మోసుకుపోయినట్టు నీళ్లను కూడా తమతో తిప్పుతాయి. నాకు ఫిజిక్స్‌లో బాగా నచ్చిన విషయాల్లో ఇదొకటి. గుప్పెడు ఉప్పుతో కంటికి కనపడుతుంది.

నెట్టుడు ఎటు పడుతుందో ఎడమచేతి వేళ్లతో చెప్పే ఫ్లెమింగ్ నిబంధన మీకు వచ్చు. వేళ్లు తిప్పుకుంటూ పరీక్ష హాల్లో టెన్షన్ పడటం కూడా చూశాను. దాన్ని ఇవాళ పక్కన పెట్టి, మన ఊరినే బొమ్మగా చేసుకుందాం. మనం కందుకూరులో నిలబడి ఉన్నాం. ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. ఉత్తరాన ఒంగోలు, దక్షిణాన నెల్లూరు, తూర్పున ఉలవపాడు దాటితే సముద్రం, పడమర పామూరు వైపు మెట్ట. దిక్సూచి ముల్లు ఒంగోలు వైపు చూపిస్తుంది. అంటే భూమి అయస్కాంత క్షేత్రం నెల్లూరు నుంచి మన మీదుగా ఒంగోలు వైపు సాగుతోందని. అయస్కాంత భూమధ్యరేఖ మనకు దక్షిణంగా, తమిళనాడు కొస మీదుగా పోతుంది కాబట్టి ఇక్కడ ఆ క్షేత్రం దాదాపు నేలకు సమాంతరంగా ఉంటుంది, కొంచెం మాత్రం నేలలోకి వంగుతుంది. క్షేత్రం తీవ్రత సుమారు 40 మైక్రోటెస్లాలు. టెస్లా అంటే క్షేత్రాన్ని కొలిచే యూనిట్, మైక్రోటెస్లా అందులో పది లక్షల వంతు. ఫ్రిజ్ తలుపుకు అతికించే బొమ్మ అయస్కాంతం దీనికి వంద రెట్లు ఉంటుంది. స్కానింగ్ సెంటర్లో 1.5 టెస్లా ఎంఆర్‌ఐ అయితే ముప్పై వేల రెట్లు పైనే.

ఇప్పుడొక ధనావేశ కణాన్ని ఇక్కడి నుంచి వదులుదాం. ఉలవపాడు వైపు, అంటే తూర్పుకు వదిలితే అది పైకి నెట్టబడుతుంది. పామూరు వైపు వదిలితే కిందికి. ఆకాశం నుంచి నిట్టనిలువునా కిందికి పడితే తూర్పుకు, సముద్రం వైపుకు. నేల నుంచి పైకి ఎగిరితే పడమటికి. మరి ఒంగోలు వైపు వదిలితే? క్షేత్రం వెంటే పోతోంది కాబట్టి నెట్టుడు లేదు. నెల్లూరు వైపు వదిలినా అంతే. కణాన్ని చేతిలో పట్టుకుని కదలకుండా ఉంచితే, అప్పుడూ ఏమీ లేదు. ఎలక్ట్రాన్ అయితే రుణావేశం కాబట్టి నేను చెప్పినవన్నీ తిరగేసుకోండి.

ఇదంతా ఒక్క వాక్యంలో రాస్తే బలం అంటే ఆవేశం, వేగం, క్షేత్రం, వాటి నడుమ కోణానికి సైన్, ఈ నాలుగింటి లబ్ధం. ఆ సైన్ ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగితే ఒంగోలు రోడ్డు చూపించండి. కోణం సున్నా, సైన్ సున్నా, నెట్టుడు సున్నా.

బలం ఎప్పుడూ పక్కకే అయితే దానివల్ల వేగం పెరుగుతుందా, తగ్గుతుందా? మెల్లగా ఆలోచించండి. సైకిల్ మీద పోతున్నవాణ్ని వెనక నుంచి తోస్తే వేగం పెరుగుతుంది. ఎదురుగా తోస్తే తగ్గుతుంది. సరిగ్గా పక్క నుంచి తోస్తూ, వాడు తిరిగిన కొద్దీ మనమూ తిరిగి మళ్లీ పక్క నుంచే తోస్తూ ఉంటే వాడి దారి వంగుతుంది, వేగం మాత్రం అంతే ఉంటుంది. అయస్కాంత క్షేత్రం కదిలే ఆవేశాన్ని మళ్లిస్తుంది, అంతే. దానికి ఒక్క పిసరు శక్తి ఇవ్వదు, దాని నుంచి ఒక్క పిసరు తీసుకోదు. పక్కకు మళ్లుతూ మళ్లుతూ అది చివరికి గుండ్రంగా తిరుగుతుంది.

పెద్దవాళ్లకు ఇక్కడ ఒక విషయం గుర్తు చేస్తాను. పూర్వం కళ్లంలో నడుమ రాట పాతి, నాలుగైదు ఎద్దుల్ని ఒకే తాడుకు వరసగా కట్టి, వరి పనల మీద తిప్పేవాళ్లు. బంతి కట్టడం అనేవాళ్లు. రాట పక్కనుండే ముసలి ఎద్దు మెల్లగా అడుగులో అడుగు వేస్తుంది. చివర కట్టిన కోడె గిత్త గబగబా నడవాలి, దాని చుట్టు పెద్దది కాబట్టి. కానీ చుట్టు పూర్తయ్యేది అన్నిటికీ ఒకేసారి. అయస్కాంత క్షేత్రంలో తిరిగే కణాలది కూడా ఇదే లెక్క. మెల్లగా పోయే ప్రోటాన్ చిన్న చుట్టు తిరుగుతుంది, వేగంగా పోయేది పెద్ద చుట్టు తిరుగుతుంది, చుట్టుకు పట్టే సమయం మాత్రం ఒకటే. వేగం కాంతివేగానికి దగ్గర పడేదాకా ఈ మాట నిలబడుతుంది.

అమెరికాలో ఎర్నెస్ట్ లారెన్స్ 1930 ప్రాంతంలో పట్టుకున్న కిటుకు ఇదే. చుట్టు సమయం మారదు కాబట్టి, ఆ సమయానికి తాళం వేసి అర చుట్టుకోసారి విద్యుత్ క్షేత్రంతో ఒక తోపు తోస్తే చాలు. తోపు తోపుకూ వేగం పెరుగుతుంది, చుట్టు పెద్దదవుతుంది, తాళం మాత్రం తప్పదు. దాని పేరు సైక్లోట్రాన్. అందులో వేగం ఇచ్చేది విద్యుత్ క్షేత్రం. అయస్కాంతం పని కణాన్ని మళ్లీ మళ్లీ అదే గుమ్మం దగ్గరికి తెచ్చి నిలబెట్టడం. మన ఇళ్లల్లో ఎవరికైనా క్యాన్సర్ అనుమానం వస్తే పెట్ స్కాన్ రాస్తారు కదా, దానికి ఎక్కించే మందులో ఉండే రేడియోధార్మిక ఫ్లోరిన్-18 సైక్లోట్రాన్‌లోనే తయారవుతుంది. 110 నిమిషాలకు సగం తరిగిపోతుంది. అందుకే స్కాన్ చేసేవాళ్లు చెప్పిన టైముకు రావాలని అంత గట్టిగా చెబుతారు.

(ఇక్కడ ఒక అమ్మాయి లేచి ప్రశ్న అడిగింది: "సార్, అయస్కాంతం శక్తి ఇవ్వదు, అంటే ఏ పనీ చేయదంటున్నారు. మరి మోటారు ఎట్లా తిరుగుతుంది సార్?")

కూర్చో తల్లీ. ఈ ప్రశ్న కోసమే నేను వచ్చాను. ఎంఎస్సీ చదివినవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు, నేనూ చాలా ఏళ్లు తడబడ్డాను. కాబట్టి తొందర లేకుండా చూద్దాం.

ముందు చిన్న లెక్క. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో పది ఆంపియర్ల కరెంటు పోతోందనుకోండి. అందులో ఎలక్ట్రాన్లు తీగ వెంట జరిగే వేగం సెకనుకు అర మిల్లీమీటరు. స్విచ్ వేయగానే లైటు వెలుగుతుంది కాబట్టి ఎలక్ట్రాన్ కూడా అంత వేగంగా పోతుందనుకుంటాం. అది తప్పు. తూము తెరిస్తే నీళ్లు నిండి ఉన్న గొట్టం చివర వెంటనే నీళ్లు వచ్చినట్టన్నమాట. ఆ తీగను అర టెస్లా క్షేత్రంలో అడ్డంగా ఉంచితే ఒక్కో ఎలక్ట్రాన్ మీద పడే నెట్టుడు ఎంతంటే, దశాంశ బిందువు పక్కన ఇరవై రెండు సున్నాలు పెట్టి ఆ తర్వాత 4 వేయాలి, అన్ని న్యూటన్లు. ఏ లెక్కలోకీ రాదు. కానీ ఒక్క మీటరు తీగలో అలాంటి ఎలక్ట్రాన్లు 13 పక్కన ఇరవై రెండు సున్నాలు పెట్టినన్ని ఉన్నాయి. అన్నీ కలిసి ఒకే వైపు నెడితే ఐదు న్యూటన్లు, అంటే అర కిలో బరువంత. మీటరు తీగ మీద అర కిలో బరువు. అలాంటి తీగ చుట్లు వందలు పెడితే మోటారు తిరగదా మరి?

తిరుగుతుంది. అప్పుడు పని ఎవరు చేశారు? తీగ పక్కకు కదిలిందనుకోండి. లోపలున్న ఎలక్ట్రాన్లు కూడా తీగతో పాటు పక్కకు కదిలాయి. ఇప్పుడు వాటికి రెండు కదలికలు: తీగ వెంట ఒకటి, తీగతో పక్కకు ఒకటి. అయస్కాంతం రెండో కదలికను కూడా వదలదు, దాన్నీ పక్కకు మళ్లిస్తుంది. దానికి పక్క అంటే ఏది? తీగ పొడవునా, కరెంటుకు ఎదురు వైపు. అంటే ఒక చేత్తో తీగను ముందుకు నెడుతూ, ఇంకో చేత్తో కరెంటును వెనక్కి నెడుతోంది. ఈ రెండింటి పని కూడితే సున్నా. వెనక్కి నెట్టే ఆ చేతిని ఎదిరించి కరెంటును నడిపించేది మన కరెంటు లైను. అందువల్ల మోటారు చేసే పనంతా లైను నుంచి వచ్చిందే, మీటరులో యూనిట్లుగా పడిందే. అయస్కాంతం దాన్ని తీగ వెంట నుంచి తీగ పక్కకు మళ్లించింది. పొలం గట్టు నీళ్లను మళ్లిస్తుంది, నీళ్లను ఎత్తి పోయదు కదా. ఇదీ అలాంటిదే.

వెనక్కి నెట్టే ఆ చేతిని పుస్తకంలో ప్రతి విద్యుచ్చాలక బలం అంటారు. ఆ పేరు చూసి భయపడకండి. దాని విలువేంటో నాకు మా బావమరిది రొయ్యల గుంట దగ్గర తెలిసింది.

తీరం వైపు వాళ్లవి రెండు గుంటలున్నాయి. వెనామీ రకం రొయ్యలు వేశారు. రాత్రిళ్లు నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోకుండా ఏరియేటర్లు తిప్పుతారు, మీలో చాలామంది ఇళ్లల్లో అదే పని. ఒక రాత్రి తెగిన వల ముక్క, దానికున్న తాడు ఒక ఏరియేటర్ రెక్కలకు చుట్టుకుంది. రెక్క ఆగిపోయింది, మోటారుకు కరెంటు మాత్రం పోతూనే ఉంది. కాపలా ఉన్న కుర్రాడు నిద్రపోలేదు, ఇంకో గుంట దగ్గర ఉన్నాడు. వాడొచ్చేసరికి మోటారు లోపలి తీగ చుట్లు, అదే వైండింగ్, కాలిన వాసన వస్తోంది. తెల్లారేసరికి ఆ మూల రొయ్యలు పైకి తేలాయి. మర్నాడే తక్కువ సైజులోనే రొయ్యలు పట్టేయాల్సి వచ్చింది. బావమరిది నన్నడిగాడు, "బావా, తిరిగే మోటారు కాలితే అర్థముంది, ఆగిపోయి ఊరికే కూర్చున్న మోటారు ఎందుకు కాలింది?" అని.

ఇప్పుడు మీరే చెప్పగలరు. మోటారు తిరుగుతుంటేనే వెనక్కి నెట్టే చెయ్యి ఉంటుంది. అదే కరెంటును హద్దులో పెడుతుంది. మోటారు ఆగిపోతే తీగకు పక్కకు కదలిక లేదు, వెనక్కి నెట్టే చెయ్యి లేదు, కరెంటు కట్ట తెగిన చెరువులా పోతుంది. చేయడానికి పని లేదు కాబట్టి వచ్చిన శక్తంతా వేడయింది, వైండింగ్ మీది వార్నిష్ మాడిపోయింది. గుంట మీద ఉండేవి ఇండక్షన్ మోటార్లు, వాటిలో తిరిగే భాగానికి, అంటే రోటర్‌కు, కరెంటు చేరే దారి వేరు, అయినా ఈ లెక్క మారదు. ఓవర్‌లోడ్ రిలే పెట్టుకోమని నేను ప్రతి రైతుకూ చెప్పేది అందుకే. హద్దు దాటిన కరెంటు కొద్దిసేపు కొనసాగితే చాలు, అది లైను తెంచేస్తుంది. మోటారు బతికితే తాడు తీసేసి మళ్లీ వేసుకోవచ్చు.

దీని చరిత్ర మొత్తం చెప్పను, రెండు మూడు మాటలు చెబుతాను. 1820లో డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ కరెంటు పోయే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. తీగ అయస్కాంతాన్ని కదిలిస్తే అయస్కాంతం తీగను కదిలించాలి కదా, ఆ ఏడాదే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆంపియర్ ఆ దారి పట్టాడు. కానీ ఒక్కొక్క ఆవేశం మీద ఎంత బలం పడుతుందన్నది తేలడానికి ఇంకో అరవై డెబ్భై ఏళ్లు పట్టింది. 1881లో ఇంగ్లండ్‌లో జె.జె. థామ్సన్ లెక్క కట్టాడు. ఆయన సూత్రంలో సగం అనే సంఖ్య అదనంగా వచ్చి కూర్చుంది, అంటే జవాబు సగమే వచ్చింది. అంతటివాడికి! 1889లో దాన్ని సరిచేసినవాడు ఆలివర్ హెవిసైడ్. ఆయన పదహారేళ్లకే బడి మానేశాడు. టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా పనిచేస్తూ, గణితం తనంతట తానే నేర్చుకున్నాడు. 1895లో డచ్ శాస్త్రవేత్త లోరెంజ్ విద్యుత్ బలాన్నీ దీన్నీ కలిపి రాశాడు, అందుకే ఇవాళ లోరెంజ్ బలం అంటున్నాం. హెవిసైడ్ పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఈ చోట కనిపించదు. కనిపించాలని నా కోరిక. థామ్సన్ మాత్రం తన తప్పుతో ఆగిపోలేదు. 1897లో ఇదే బలంతో కాథోడ్ కిరణాలను వంచి, ఎంత వంగాయో కొలిచి, అవి పరమాణువు కంటే ఎంతో చిన్న కణాలని తేల్చాడు. ఎలక్ట్రాన్ మనకు దొరికింది అది వంగడం వల్లనే.

ఆ వంగడాన్ని మా తరం ప్రతి సాయంత్రం ఇంట్లో కూర్చుని చూసింది. పాత డబ్బా టీవీల్లో పిక్చర్ ట్యూబ్ మెడ చుట్టూ రాగి తీగ కాయిల్ ఉండేది, మెకానిక్‌లు యోక్ అనేవాళ్లు. వెనక నుంచి ఎలక్ట్రాన్లు సెకనుకు 70,000 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, యోక్ వాటిని ఎడమ నుంచి కుడికి సెకనుకు 15,625 సార్లు ఊడ్చేది. తెర మీద గీత గీతగా బొమ్మ పడేది. టీవీ ఆన్ చేయగానే సన్నటి ఈల వినిపించేది గుర్తుందా? అది ఆ ఊడ్పు శబ్దమే. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇక్కడే ఒక రిపేరు షాపులో మెకానిక్ నాకు యోక్ కొంచెం తిప్పి చూపించాడు, బొమ్మ మొత్తం వాలిపోయింది. కాలేజీలో నేను రెండేళ్లు బోర్డు మీద గీసిన బాణాలు ఆ షాపులో కదులుతూ కనిపించాయి. ఆయనకు సూత్రం తెలియదు, కానీ బీమ్ ఎటు పోతుందో చెయ్యి పెట్టకముందే చెప్పేవాడు. భూమి క్షేత్రం కూడా ఆ ఎలక్ట్రాన్లను తెర చేరేలోపు నాలుగైదు మిల్లీమీటర్లు పక్కకు జరిపేది.

ఇక ఆకాశం. మన నెత్తి మీద పగలూ రాత్రీ అంతరిక్షం నుంచి కణాలు పడుతున్నాయి, కాస్మిక్ కిరణాలు. ఎక్కువ భాగం ప్రోటాన్లు. అవి గాలిని ఢీకొట్టి పుట్టించే మ్యూయాన్లనే చిన్న కణాలు ఇప్పుడు మీ అరచేతి గుండా సుమారు సెకనుకు ఒకటి చొప్పున పోతున్నాయి. ఇందాక చెప్పాను: కిందికి పడే ధనావేశం తూర్పుకు మళ్లుతుంది. అంటే తూర్పు నుంచి కంటే పడమర నుంచి ఎక్కువ వస్తున్నట్టు కనిపించాలి. 1933లో మెక్సికో సిటీలో అమెరికా శాస్త్రవేత్తలు జాన్సన్ ఒకవైపు, ఆల్వరెజ్, కాంప్టన్ ఇంకోవైపు కొలిచి చూశారు. పడమర నుంచే ఎక్కువ వచ్చాయి. ఇటలీ శాస్త్రవేత్త బ్రూనో రోసీ ఆఫ్రికాలోని ఎరిట్రియాలో అదే చూశాడు. కాస్మిక్ కిరణాల్లో ఎక్కువ భాగం ధనావేశ కణాలని అట్లా తెలిసింది. ఒక్కదాన్నైనా చేత్తో పట్టుకోలేదు, ఎటు వంగిందో చూశారు, ఆవేశం గుర్తు చెప్పేశారు.

మన దక్షిణ భారతం ఈ విషయంలో ప్రత్యేకమైన చోటు. ఇక్కడ క్షేత్రం నేలకు సమాంతరంగా ఉంది కాబట్టి పైనుంచి నిలువుగా వచ్చేదానికి అది అడ్డంగా నిలబడుతుంది. ధ్రువాల దగ్గర క్షేత్రం నిలువుగా ఉంటుంది, కణాలు దాని వెంటే దిగిపోతాయి, అందుకే అక్కడ ఆకాశంలో అరోరా రంగులు. ఒంగోలు రోడ్డు మీద నెట్టుడు లేదన్నాను చూడండి, అదే. మన వైపు నిలువుగా దిగాలంటే ప్రోటాన్‌కు సుమారు 1,700 కోట్ల వోల్టులతో తోసినంత ఉరవడి ఉండాలి. భూమి మీద ఇంతకంటే గట్టి అడ్డు ఇంకెక్కడా లేదనే చెప్పాలి. ఊటీలో గ్రేప్స్-3 అనే పెద్ద మ్యూయాన్ పరికరం ఉంది. 2015 జూన్ 22న సూర్యుడి నుంచి వచ్చిన తుపాను భూమి క్షేత్రాన్ని తాకినప్పుడు దాదాపు రెండు గంటలపాటు అక్కడ మ్యూయాన్లు మామూలు కంటే ఎక్కువ పడ్డాయి. అడ్డు కాసేపు సడలింది, మామూలుగా వెనక్కి పోయే కణాలు లోపలికి దిగాయి. 2024 మేలో ఇంకా పెద్ద తుపాను వస్తే లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అలాంటి తుపాన్లను దారిలోనే కనిపెట్టడానికి ఆదిత్య-ఎల్1 2023 సెప్టెంబర్ 2న మన పక్కనున్న శ్రీహరికోట నుంచే వెళ్లింది. ఆ రోజు చాలామంది మేడలెక్కి చూసి ఉంటారు. అందులో సౌరగాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం కూడా ఉంది.

టీచర్లకు ఒక్క విన్నపం. ఈ పాఠం వచ్చినప్పుడు మొదటి పీరియడ్‌లో ఫార్ములా రాయకండి. గాజు పళ్లెం, ఉప్పు, పాత స్పీకర్ అయస్కాంతం, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, ఇవి దొరకని ఊరు లేదు.

నాకిచ్చిన టైము అయిపోవస్తోంది. అందరూ బల్ల చుట్టూ రండి, చిన్నపిల్లల్ని ముందుకు రానివ్వండి. ఇందాక పొడి గడియారం ముల్లు తిరిగే వైపే తిరిగింది కదా. ఇప్పుడు అయస్కాంతాన్ని తిరగేసి పెడుతున్నాను. బ్యాటరీ తీగలు కూడా అటువి ఇటు, ఇటువి అటు మారుస్తున్నాను. ఇంకా తగిలించలేదు. అబ్బయ్యా, నువ్వు చెప్పు. పక్కనున్న తల్లీ, నువ్వు కూడా. ఎటు తిరుగుతుంది? తగిలించకముందే అందరూ వేలు తిప్పి చూపించండి.